ఎనిమిది పాయింట్ రెండు

ఆ వేసవిలో నేను తిట్టని మనిషి లేడు. ఎండని తిట్టాను, ఉప్పుని తిట్టాను, ఉప్పు అమ్మినవాణ్ణి తిట్టాను, ఏ పాపం ఎరగని కరెంటు దీపాల్ని తిట్టాను. ఇంకెవరూ దొరక్కపోతే అద్దం ముందు నిలబడి నన్ను నేనే నోరారా తిట్టుకున్నాను. తిట్టాల్సిన మనిషి మాత్రం రోజూ నా ఎదురుగా కూర్చుని, నేను పెట్టింది తింటూ, "ఏమైందో ఏమో పాపం" అని తల ఊపుతుండేవాడు.

మా ముందుగదిలో గోడ పొడుగునా ఒక అక్వేరియం ఉంది. రంగు గులకరాళ్ళూ, బుడగలొదిలే బొమ్మా ఉండే చేపల తొట్టి కాదది. అందులో ఉన్నది ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో ప్రాణమున్న పగడాలు. పగడాలంటే ఉంగరంలో పొదిగేవని మా చుట్టాలు చాలామంది అనుకుంటారు. "మరి ఇన్ని పెట్టుకుని ఒక్క ఉంగరమైనా చేయించుకోలేదేమే?" అని మా పిన్ని ఏటా అడుగుతుంది. నేను ఏటా నవ్వి ఊరుకుంటాను.

ఏడేళ్ళ కిందట బొటనవేలి గోరంత ముక్క తెచ్చాను. ఆ వేసవి మొదలయ్యేనాటికి అది రెండు చేతులూ చాపి పట్టుకోవాల్సినంత పొద అయింది. కొమ్మ కొమ్మకీ చివర ఊదారంగు. దాన్ని నేను పెద్దమ్మాయి అని పిలిచేదాన్ని. దాని చుట్టూ ఇంకో ఇరవై రకాలు. ఇవన్నీ రోజూ కాస్త కాస్తగా తమ ఎముకని తామే కట్టుకుంటాయి. ఆ కట్టుబడికి కావలసిన సరుకు నీళ్ళలో కరిగి ఉండాలి. దాన్ని ఆల్కలినిటీ అంటారు. కొలత ఎనిమిది దగ్గరుంటే హాయిగా పెరుగుతాయి. ఆరుకి దిగితే అలుగుతాయి. ఐదు కంటే దిగిందా, ఇక ప్రాణం మీదికొచ్చినట్టే. పైగా ఇవి పెరిగినకొద్దీ ఎక్కువ తింటాయి, పిల్లల్లాగే. పోయిన నెల సరిపోయిన మందు ఈ నెల సరిపోదు. కాబట్టి రోజూ ఒకే వేళకి నీళ్ళు కొలవాలి, పుస్తకంలో రాయాలి, ఆ అంకె చూసుకుని ఎంత మందు పొయ్యాలో తేల్చుకోవాలి. ఏడేళ్ళూ నేను పొద్దున పదకొండు గంటలకే కొలిచాను.

కరెంటాఫీసులో నాది ఫిర్యాదుల ఫోను దగ్గర ఉద్యోగం. పదకొండేళ్ళుగా జనం తిట్లు వింటూ "తప్పకుండా సార్, చూస్తాం సార్" అనడమే పని. నా నోటికున్న పదునంతా అక్కడ మింగి మింగి ఇంటికి మోసుకొస్తుంటాను. ఆ యేడు చలి తగ్గే రోజుల్లో జనం టిక్కెట్టు కొని చూసే పెద్ద అక్వేరియం నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. తొట్టి ముందు గంటసేపు నిలబడింది, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మా దగ్గర పగడాల విభాగానికి ఒక మనిషి కావాలి. సర్టిఫికెట్లు తెచ్చినవాళ్ళని చాలామందిని చూశాను, విసుగొచ్చింది. మీ చెయ్యి నాకు నచ్చింది. వేసవి చివర్లో మళ్ళీ వస్తాను. తొట్టి చూస్తాను, మీరు రాసే పుస్తకం చూస్తాను. ఒక్కరోజు కూడా తప్పకూడదు సుమా" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. పదకొండేళ్ళ తిట్ల నుంచి బయటపడే తలుపు అదొక్కటే.

వారం తిరక్కుండానే ఆఫీసులో నన్ను సాయంత్రం డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి మార్చారు. ఇక పదకొండింటికి ఇంట్లో ఎవరుంటారు? ఆ మాట భోజనాల దగ్గర అన్నాను. మామయ్య చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగారు.

"రంగు చూడ్డమేగా అమ్మాయ్? నేను చూస్తాలే."

మామయ్య నలభై ఏళ్ళు అద్దకం మిల్లులో షేడు మాస్టరు. పాత గుడ్డ ముక్కా కొత్త గుడ్డ ముక్కా పక్కపక్కన పెట్టి, రెండు రంగులూ కలిశాయో లేదో చెప్పడం ఆయన పని. ఆయన తల ఊపితే సరుకు లారీ ఎక్కేది, పెదవి విరిస్తే మళ్ళీ రంగు తొట్లోకి పోయేది. మిల్లులో ఆయన్ని పేరుతో ఎవరూ పిలవరు, కన్ను మాస్టారంటారు. రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు మధ్యాహ్నంపూట పిలిపించుకుంటున్నారు. మా ఆయన అదే మిల్లులో సరుకు పంపించే సెక్షన్‌లో ఉన్నాడు. తండ్రి మాట మీద వచ్చిన కుర్చీ అది.

ఇంకేం కావాలి నాకు? ఎగిరి గంతేశాను. గాజు ట్యూబులో తొట్టి నీళ్ళు, అందులో నాలుగు చుక్కల రంగుమందు వేస్తే నీళ్ళు నీలంగా మారతాయి. తర్వాత సిరంజితో రెండో మందు ఒక్కో చుక్కా వదలాలి. నీలం ఎప్పుడు గులాబీకి తిరుగుతుందో అక్కడ ఆపి, సిరంజి మీద గీత చూసి అంకె రాయాలి. ఇదంతా ఆయనకి రెండుసార్లు చేసి చూపించాను. మూడోసారి ఆయన నొచ్చుకున్నారు.

"నాకే నేర్పుతున్నావా అమ్మాయ్ రంగులు?"

"అయ్యో, లేదు మామయ్యా" అని లెంపలేసుకున్నాను. మా ఆయన మాత్రం తల వంచుకుని తింటూనే ఉన్నాడు.

మొదటి మూడు వారాలూ అంతా సవ్యంగానే నడిచింది. సాయంత్రం రాగానే పుస్తకం తెరిచేదాన్ని. ఎనిమిది పాయింట్ రెండు. ఎనిమిది పాయింట్ ఒకటి. ఎనిమిది పాయింట్ రెండు. ఎండలు ముదిరాయి, తొట్టి నీళ్ళు ఆవిరైపోతుంటే రోజూ బిందెడు మంచినీళ్ళు పోస్తున్నాను, అయినా ఆ అంకె మాత్రం తొణకడం లేదు, బెణకడం లేదు. మందు డోసు పెంచాల్సిన పనే రాలేదు. మా తొట్టి అంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదని ఆఫీసులో డప్పు కొట్టుకున్నాను.

నాలుగో వారంలో పెద్దమ్మాయి మొదలు దగ్గర వేలెడు మేర తెల్లబడింది. పగడం మీద ప్రాణమున్న పొర పోతే కింద ఉన్న ఎముక బయటపడుతుంది. అదీ ఆ తెలుపు. రెండు రోజుల్లో వేలెడు కాస్తా జానెడయింది. పక్కనున్న చిన్నవి రెండు పైనుంచి కిందిదాకా పాలిపోయాయి. పుస్తకం చూస్తే ఎనిమిది పాయింట్ మూడు!

ఆదివారం మధ్యాహ్నం మామయ్య పడుకున్నాక పెట్టె తీశాను. ట్యూబు కడిగాను, నీళ్ళు నింపాను, నాలుగు చుక్కలు వేశాను, సిరంజి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడొచ్చాడు మా ఆయన.

"ఏం చేస్తున్నావ్?"

"ఒక్కసారి కొలిచి చూద్దామని."

"పొద్దున నాన్న కొలిచాడుగా."

"కొలిచారు. నేనూ కొలిస్తే అరిగిపోతుందా?"

"అది కాదే. ఆయనకి తెలిస్తే ఎంత బాధపడతాడో ఆలోచించావా? మిల్లులో ఇప్పటికీ ఆయన తల ఊపితే తప్ప సరుకు కదలదు. ఇంట్లో కోడలు మళ్ళీ కొలుచుకుందంటే ఏమైపోతాడు? నా మాట విను, వద్దు."

నా చేతిలోంచి సిరంజి మెల్లిగా తీసుకున్నాడు. ట్యూబులో నీళ్ళు పారబోశాడు, కడిగాడు, తుడిచాడు, మూత పెట్టి పెట్టెలో సర్దేశాడు. ఎంత ఓపిగ్గా చేశాడో! తండ్రంటే ఎంత ప్రేమ ఈ మనిషికి అనుకుని మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని. ఆ రోజు నుంచి పెట్టె ముట్టుకోలేదు.

ముట్టుకోకపోగా, మిగతావన్నీ ముట్టుకున్నాను. ఉప్పు మార్చాను. తొట్టి మీది దీపాల వేళలు తగ్గించాను. పంపు విప్పి, మోచేతులు కొట్టుకుపోయేలా కడిగాను. ఏదో రసాయనం పెట్టి తుడిచావని పనిమనిషి మీద అరిచాను. ఆవిడ చీపురు నా కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళి మూడు రోజులు రాలేదు. మంచిపని చేసింది. ఉప్పు దుకాణం మీదికి యుద్ధానికి వెళ్ళాను. చచ్చిన కొమ్మ ఒకటి సంచిలోంచి తీసి అక్కడి బల్ల మీద పెట్టాను.

"ఏంటిది? మీ ఉప్పు చేసిన నిర్వాకం!"

దుకాణం ఆయన కొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉప్పయితే అన్నీ ఒకేసారి పోతాయమ్మా. ఇది కింది నుంచి పైకొస్తోంది. ఆల్కలినిటీ ఎంతుంది?"

"ఎనిమిది పాయింట్ రెండు. రెండు నెలలుగా అంతే."

"రెండు నెలలుగా అంతేనా? ఒక సీసాలో నీళ్ళు పట్టుకురండి, నేనోసారి చూస్తాను."

"అక్కర్లేదు. మా ఇంట్లో కొలిచేది ఎవరనుకుంటున్నారు? కన్ను మాస్టారు" అని తల ఎగరేసి వచ్చేశాను. ఆ మాటకి ఈనాటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

రోజుకో కొమ్మ పోతోంది. పొద్దున లేస్తూనే ముందుగదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు వచ్చేవి కావు. ఎక్కడ తప్పు చేశాను, ఎప్పుడు చేశాను అని తవ్వుకోవడమే పనైపోయింది. ఆఫీసు ఫోనులో ఎవరో "మీకసలు చేతకాకపోతే మానెయ్యొచ్చుగా" అంటే, ఎప్పుడూ అనే "తప్పకుండా సార్" నోట్లోంచి రాలేదు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రమే మామయ్య ఆ మాటన్నారు. తొట్టి వైపు ముఖం పెట్టి, మా ఆయనతో అన్నట్టుగా, నాకు వినపడేలా అన్నారు.

"నీళ్ళలో ఏ లోపమూ లేదురా. రోజూ చూస్తున్నాగా. చూసుకునే చెయ్యి మంచిదవ్వాలి."

ఒళ్ళు భగ్గుమంది. చేతిలో ఉన్న ఉప్పు డబ్బా మూత గోడకేసి కొట్టాను. "ఈ చేతులే మామయ్యా వాటిని ఏడేళ్ళు పెంచింది! గోరంత ముక్కని అంత చేసింది ఈ చేతులే!"

"నేనేమన్నానమ్మా ఇప్పుడు? ఒక్కోసారి అంతే, కలిసిరాదు" అన్నారాయన. మా ఆయన కిందికి వంగి మూత ముక్కలు ఏరుతూ, "పోనీలే, పెద్దాయన" అన్నాడు నాతో. పుండు మీద కారం కూడా ఇంత మెత్తగా ఎవరూ చల్లరు.

తర్వాత గురువారం ఆఫీసులో కంప్యూటర్లు చచ్చిపోయాయి. ఫిర్యాదు రాసుకోవడానికి వీల్లేకపోతే మాతో పనేముంది? పదింటికల్లా ఇంటికి పొమ్మన్నారు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి సరిగ్గా పదకొండు. మామయ్య కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు, ట్యూబు ఎడం చేతిలో, సిరంజి కుడి చేతిలో. ఆయన ఏకాగ్రత చెడగొట్టడం ఎందుకని చెప్పులు చేత్తో పట్టుకుని అక్కడే ఆగాను.

చుక్క వేశారు. ఊపారు. కిటికీ వెలుగులో ఎత్తి చూశారు. ఇంకో చుక్క. సిరంజి సగం కూడా దిగకముందే ట్యూబులో నీళ్ళు గులాబీకి తిరిగిపోయాయి. అంత దూరం నుంచి నాకే కనిపించింది. ఆయన ఆగలేదు. ఇంకో చుక్క, ఇంకో చుక్క. ట్యూబు ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకున్నారు, దూరం పెట్టుకున్నారు, తల పక్కకి వాల్చి చూశారు. సిరంజి మొత్తం ఖాళీ అయింది. అప్పుడు ట్యూబు సింకులో పారబోసి, సిరంజి మీద గీత వైపు కూడా చూడకుండా, పుస్తకం తెరిచారు. కాగితానికి ముఖం ఆనించి, నిన్నటి అంకె మీద వేలు పెట్టి వెతికారు. దాని కింద ఇవాళ్టిది రాశారు.

ఎనిమిది పాయింట్ రెండు.

నా చేతిలో చెప్పులు కింద పడ్డాయి. ఆయన ఉలిక్కిపడి తిరిగారు.

"ఎవరూ?"

"నేనే మామయ్యా."

"ఇంత పెందలాడే వచ్చావేం?"

ట్యూబు తీసుకుని కొత్తగా నీళ్ళు నింపాను, నాలుగు చుక్కలు వేశాను. చిక్కటి నీలం. ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇదేం రంగు మామయ్యా?"

చాలాసేపు చూశారు.

"లేతది."

"లేత ఏది?"

"ఇక్కడ వెలుతురు సరిగ్గా లేదమ్మా" అన్నారు, నడివేసవి పదకొండు గంటల ఎండ పడుతున్న కిటికీలో నిలబడి.

సిరంజి తీసుకుని ఆయన ముందే కొలిచాను. నమ్మకం కుదరక రెండోసారి కూడా కొలిచాను. నాలుగు పాయింట్ ఆరు. రెండు నెలలుగా నా పగడాలు ఆకలితో మలమల మాడాయి. పెరిగినకొద్దీ ఎక్కువ అడిగాయి. నేను ఆ అంకె నమ్ముకుని అదే డోసు పోస్తూ కూర్చున్నాను.

మామయ్య కుర్చీ తడుముకుని కూర్చున్నారు. "కళ్ళలో పొరలొచ్చాయమ్మా. శుక్లాలు. అంతా టీ నీళ్ళలోంచి చూసినట్టుంటోంది. మిల్లులో తెలిస్తే ఇంకేముంది? వాడే అన్నాడు, ఎవరికీ చెప్పొద్దు నాన్నా అని."

"ఎవరు మామయ్యా?"

"మనవాడే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా వాడేగా. ఇంకా చలి ఉంది అప్పటికి."

అంటే నేను ఆయన చేతికి సిరంజి ఇవ్వకముందే.

నాకు మొదట కోపం రాలేదు. నిజం చెప్తున్నాను. లోపల ఎక్కడో తాడు తెగినట్టయింది, అంతే. చెప్పులు ఏరుకుని బయట పెట్టాను. ఆ పేజీలో ఆయన రాసిన అంకె పక్కన నా అంకె రాశాను. ఆ పగలంతా కూర్చుని ఎదురుచూశాను. సాయంత్రం మా ఆయన వచ్చి కూర్చుని చెమట తుడుచుకుంటుంటే పుస్తకం ఒళ్ళో పెట్టాను. చూశాడు. ముఖం చూస్తేనే తెలిసింది, ఇంక అబద్ధం వెతకడం లేదని.

"తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ కోపం నాకు తెలీదా? ఎప్పుడో ఎవరితోనో అనేస్తావు. నాన్న కన్ను పోయిందని మిల్లులో తెలిస్తే ఆయన్ని ఆ రోజే పంపించేస్తారు. కొత్త ఓనరు నన్నెందుకు ఉంచాడనుకుంటున్నావ్? నాన్న మొహం చూసి. నా కుర్చీ కూడా పోతుంది."

"ఆపరేషన్ చేయిస్తే కళ్ళొస్తాయిగా?"

"నెల రోజులు సెలవు పెట్టాలి. ఎందుకని అడుగుతారు. వేసవి గడవనీ అనుకున్నాను."

"ఈలోపల నా తొట్టి?"

ఆయన నా వైపు చూశాడు. నిజంగానే అర్థంకానట్టు చూశాడు.

"ఉద్యోగాలకీ దానికీ పోలికేంటే? అవి రాళ్ళే కదా."

పదహారేళ్ళ కాపురంలో నేనాయన్ని ఏనాడూ నువ్వు అనలేదు. "నువ్వు లే అక్కణ్ణించి" అన్నాను. లేచాడు. "నా చేతిలోంచి సిరంజి తీసుకున్నావు. గుర్తుందా? కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టావు. నేను రోజూ ఇక్కడే కూర్చుని ఏం తప్పు చేశానా అని ఏడుస్తుంటే పక్కన కూర్చుని పాపం అన్నావు. ఆయన నా చెయ్యి మంచిది కాదంటే నోరు మూసుకుని మూత ముక్కలు ఏరావు. మీ ఇద్దరి పరువూ కలిపి తూచినా, ఆ రాళ్ళలో ఒక్కదాని ఎత్తు తూగదు." ఇంకా చాలా అన్నాను. పక్కింటి కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడింది. మూసుకున్న చప్పుడు మాత్రం వినపడలేదు.

ఇందులో అన్నిటికన్నా కడుపుమంట ఏంటంటే, తప్పు దొరికింది కదా అని ఒక్కసారిగా మందు కుమ్మరించడానికి లేదు. అంత కిందికి దిగిన నీళ్ళని గబుక్కున పైకి లేపితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. రోజుకి అర పాయింటు, అంతకు మించకూడదు. ఒంట్లో కోపం బుసబుసలాడుతుంటే చేత్తో మాత్రం చుక్క చుక్కగా వదలాలి. అలా వారం పైన పట్టింది ఎనిమిది దాకా తేవడానికి. పొద్దునా సాయంత్రమూ నేనే కొలిచాను, అనుమతి తీసుకుని ఆఫీసు నుంచి పదకొండింటికి వచ్చి కూడా కొలిచాను. ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మూడొంతుల్లో ఒక వంతు బతికింది. పెద్దమ్మాయికి పై కొమ్మలు నాలుగు మిగిలాయి. కిందంతా తెల్లటి ఎముక.

బూట్ల మేడం చెప్పిన రోజుకే వచ్చింది. ఆవిడ వచ్చే ముందు మా ఆయన వంటింట్లోకి వచ్చి, "ఆవిడ ముందు నాన్న పేరు తేకు. ఊళ్ళో మాట ఆగదు" అని బతిమాలాడు. మామయ్య ముందుగదిలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

మేడం ఈసారి కూడా కూర్చోలేదు. తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగింది. పుస్తకం అడిగింది. ఒక్కో పేజీ తిప్పుతూ వేలితో అంకెల వెంబడి కిందికి దిగింది. రెండు నెలల పేజీలు తిప్పాక వేలు ఆగింది.

"నీళ్ళు ఇంత నిలకడగా ఉండవు. పగడాలు పెరుగుతుంటే అసలుండవు. ఈ అంకెలు ఎవరు రాశారు?"

వెనక మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మామయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"మా మామయ్య. ఆయనకి కళ్ళు కనపడవు" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేనూ అనుకోలేదు. మామయ్య తల దించుకున్నారు. మేడం ఆయన వైపు చూడను కూడా చూడలేదు. నా వైపే చూసింది.

"మరి మీరెందుకు చూసుకోలేదు?"

"చూడబోయాను. వద్దన్నారు."

"వద్దంటే?"

"మానేశాను."

మేడం పుస్తకం మూసి నా చేతికిచ్చింది. కోపంగా ఇవ్వలేదు. కోపంగా ఇచ్చినా బాగుండేది.

"మిగిలినవాటిని బతికించిన తీరు చూశాను. మంచి చెయ్యి మీది. కానీ అక్కడ నాలుగు లక్షల లీటర్ల నీళ్ళు. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి వద్దంటూనే ఉంటారు. వద్దన్నా చూసేవాళ్ళు కావాలి నాకు."

గుమ్మం దాటుతూ బూటు అంచు గడపకి తగిలి ఆవిడ తూలింది. నేను పట్టుకున్నాను. "థాంక్స్ అమ్మా" అని వెళ్ళిపోయింది.

మా ఆయన తలుపు వేసి వచ్చాడు. "పోనీలే. మళ్ళీ పెంచుకుంటే అవే వస్తాయి" అన్నాడు. నేను ఆయన మొహం వైపు చూడకుండా పదకొండింటి నీళ్ళు కొలుచుకున్నాను.

ఆ రాత్రంతా ఆవిడ మాట నన్ను కాల్చుకు తింది. ఎవరి మీద అరవను? మామయ్య గుడ్డిగా రాశారు. మా ఆయన తెలిసి దాచాడు. సరే, ఇద్దరూ ఇద్దరే. మరి నేను? సిరంజి నా చేతిలో ఉంది. వద్దు అన్న ఒక్క మాటకి వదిలేశాను. పైగా మురిసిపోయాను కూడా!

తెల్లారి ఆఫీసుకి ఫోను చేసి రానని చెప్పాను. ఎందుకు రారని అడిగితే, పనుందన్నాను. మామయ్య గది తలుపు తట్టాను.

"మామయ్యా, చొక్కా వేసుకోండి. చెప్పులు ఇక్కడ పెట్టాను."

"ఎక్కడికమ్మా?"

"కళ్ళాసుపత్రికి."

మా ఆయన సగం గడ్డం గీసుకున్న మొహంతో బయటికొచ్చాడు, బుగ్గ మీద నురగ. "ఏంటిది? ఇవాళెలా కుదురుతుంది? దారిలో మిల్లువాళ్ళెవరైనా చూస్తే?"

"చూడనీ."

"అడిగితే ఏం చెప్తావ్?"

"కళ్ళు కనపడవని చెప్తాను."

"నేను చెప్తున్నా విను. వద్దు."

మామయ్య గుమ్మంలో నిలబడి మా ఇద్దరి గొంతుల వైపూ మార్చి మార్చి ముఖం తిప్పారు. "అమ్మాయ్, వాడు వద్దంటున్నాడుగా..." అన్నారు. ఆ గొంతులో భయం వినపడింది నాకు. జాలి కలగలేదు. తర్వాత చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు, ఎంత జాలిగుండె తల్లీ నీది, మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావట అని. జాలీ లేదు, గీలీ లేదు. ఒళ్ళంతా మండిపోతుంటే తీసుకెళ్ళాను. చెయ్యి పట్టుకున్నమాట నిజమే, కానీ ఆయన గుంజుకుపోకుండా పట్టుకున్నాను.

"మూడు మెట్లున్నాయి మామయ్యా. చూసుకుని దిగండి" అన్నాను. అని, నాలిక కరుచుకుని, "నేను చెప్తాను, దిగండి" అన్నాను.

ఒక మెట్టు దిగారు. వెనకనుంచి మా ఆయన "వద్దన్నానా!" అని అరిచాడు. రెండో మెట్టు దిగాం. ఇంకా గట్టిగా అరిచాడు. మూడోది కూడా దిగి, నేను గేటు తీశాను.